దవడకి రెండో ఆపరేషనా?

మీ మూడు వేళ్లు ఒకదాని కింద ఒకటి ఆనించి ముందు పళ్ల మధ్య పెట్టి చూడండి. పట్టాయా? అయితే నోరు సరిగ్గానే తెరుచుకుంటోంది, దాదాపు 40 మిల్లీమీటర్లు.

మా తిరువూరులో పిన్ని కొడుక్కి ఒక్క వేలు కూడా పట్టదు. చిన్నప్పుడు గడ్డం నేలకి కొట్టుకుని పడ్డాడు. చెవి ముందుండే దవడ కీలు దెబ్బతిని, ఎముకకి ఎముక అతుక్కుపోయింది. ఆపరేషన్ చేస్తే నోరు తెరుచుకుంది. ఏడాది తిరక్కుండానే మళ్లీ బిగుసుకుంది. ఇప్పుడు ఇంట్లో అందరిదీ ఒకటే మాట, ‘డాక్టర్ని మార్చి ఇంకోసారి చేయిద్దాం’ అని.

సరే, మొదటిది ఎందుకు పోయినట్టు? అతుక్కున్న ఎముకని కోసి మధ్యలో ఖాళీ వదులుతారు. చాలాసార్లు కణత కండరం పొరని అడ్డు పెడతారు. ఆ తర్వాత నెలల తరబడి, రోజుకి చాలాసార్లు, నొప్పి పుట్టినా నోరు సాగదీయాలి. మానేస్తే ఆ ఖాళీలో ఎముక మళ్లీ పెరుగుతుంది. పిల్లాడు గుక్కపెట్టి ఏడుస్తుంటే ఏ తల్లికి చేతులొస్తాయి చెప్పండి!

రెండోసారి కోత ఇంకా కష్టం. లోపల పాత మచ్చ గట్టిపడి ఉంటుంది, ముఖాన్ని కదిలించే నరం ఆ పక్కనే. అమెరికాలో 1980ల్లో విటెక్ కంపెనీ టెఫ్లాన్ ఇంప్లాంట్లని ఈ కీళ్లలో పెట్టారు. అవి అరిగి, ఆ ముక్కల వల్ల చుట్టూ ఎముక కరిగిపోయింది. 1990లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఎంతోమందికి ఆపరేషన్ మీద ఆపరేషన్ తప్పలేదు.

ఇప్పుడు సీటీ స్కాన్ కొలతలతో మనిషికి తగ్గ కృత్రిమ కీలు చేస్తున్నారు, ఖరీదెక్కువ. ఎదిగే పిల్లలకి పక్కటెముక ముక్క వాడటమూ ఉంది. ఏది చేయించినా సర్జన్ని ముందే అడగండి: ఎక్సర్‌సైజులు ఎవరు చేయిస్తారు, ఎన్నాళ్లు?