మాట పొట్టిదైతే నష్టం రైతుకే



2023 ఎన్నికల్లో కాంగ్రెస్ పార్టీ వరి పంటకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఇస్తామన్నది. సభల్లో, కరపత్రాల్లో, సెల్‌ఫోన్లలో మనకు అందిన మాట 'వడ్లకు బోనస్'. 2024 వానాకాలం పంట కొనుగోలుకొచ్చేసరికి అది 'సన్నవడ్లకు బోనస్' అయింది. మధ్యల 'సన్న' అన్న రెండక్షరాలు చేరినయి. వంద క్వింటాళ్ల దొడ్డువడ్లు అమ్మే రైతుకు ఆ రెండక్షరాల ఖరీదు 50 వేల రూపాయలు. యాసంగిల ఎండలకు సన్నాలు నూక అయితయని దొడ్డు రకాలే వేసే మన రైతులకు ఇది చిన్న మాట కాదు.

మాట ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోయినప్పుడల్లా ఇట్లనే పెరుగుతది, తరుగుతది. ఉత్తర్వు నాలుగు పేజీలుంటే టీవీల ఒక్క లైను అయితది. ఫోన్ల మెసేజ్‌గా వచ్చేసరికి అంకె మాత్రమే మిగులుతది. షరతులు రాలిపోతయి. కొనుగోలు నిబంధనల ప్రకారం వడ్ల తేమ 17 శాతం దాకా ఉండొచ్చు. ఆ ముక్క తెలిసిన రైతు తేమ మిషన్ ముందు నిలబడి కొట్లాడుతడు. తెలియని రైతు ఎంత తరుగు తీసినా తల ఊపి వస్తడు. ఇన్ని మిల్లులున్న మన సుల్తానాబాద్‌ల ఈ తేడా ఏందో ఎవరికీ చెప్పనక్కర లేదు.

మాట చేతులు మారిన ప్రతిసారీ చెడిపోవాలని లేదు. తెలంగాణ సాయుధ పోరాటం మీద కృష్ణచందర్ ఉర్దూల 'జబ్ ఖేత్ జాగే' నవల రాసిండు. దాని ఆధారంగానే గౌతమ్ ఘోష్ 'మా భూమి' సినిమా తీసిండు. పోరాట కాలంల బండి యాదగిరి కట్టిన పాటను అందుల గద్దర్ పాడిండు. భాష మారింది, కాలం మారింది, పుస్తకం తెరకెక్కింది. భూమి ఎవరిదన్న ప్రశ్న మాత్రం మారలేదు. ఎందుకంటే ఆ మాటను మోసినోళ్లకు అసలు సంగతి తెలుసు.

మనకు కావాల్సింది కూడా అదే. వెనుకట ఊర్ల డప్పు చాటింపు వేస్తే, చాటింపు వేసినాయనను ఆపి "ఎవరికి? ఎప్పటిదాక?" అని అడిగేటోళ్లం. ఫోన్ల మెసేజ్‌ను అట్ల అడగలేం. అందుకే సంఘం ప్రతి గ్రామ కమిటీకి నా సూచన ఒక్కటే. కొనుగోళ్లు మొదలుకాకముందే అసలు ఉత్తర్వు కాపీ తెప్పించాలి. కల్లాల కాడ మొదటి అక్షరం నుంచి చివరిదాక పైకి చదవాలి. మద్దతు ధర, తేమ శాతం, బోనస్ ఏ రకానికో బోర్డు మీద రాసి పెట్టాలి. రైతు అడిగితే జవాబు చెప్పేటోళ్లు ఒకరు అక్కడ ఉండాలి.

కాంటా కాడ ముల్లు చూసినట్టే, ఉత్తర్వుల ప్రతి అక్షరం చూద్దాం.