బైక్ టోయింగ్: కాలు పెట్టి తోస్తున్నారా.. తాడు కట్టి లాగుతున్నారా? అసలు రిస్క్ ఎక్కడుందంటే..

రాత్రి తొమ్మిదిన్నర. ఫ్లైఓవర్ ఎక్కుతూ ఎక్కుతూ బైక్ రెండు సార్లు దగ్గి ఆగిపోయింది. ట్యాంక్ ఊపి చూస్తే చప్పుడు లేదు. వెనక వస్తున్న స్కూటీ కుర్రాడు స్లో చేసి ఒకటే మాట అడుగుతాడు.. "పెట్రోలా అన్నా? కూర్చో, తోస్తా." హైదరాబాద్, విజయవాడ, వైజాగ్.. ఊరు మారినా సీన్ మాత్రం ఇదే. ముక్కూ మొహం తెలియని మనిషి కాలు పెట్టి బంకు దాకా తీసుకెళ్తాడు. డబ్బులిస్తే వద్దంటాడు. మన రోడ్ల మీద ఇంకా మిగిలి ఉన్న మంచి అలవాటు ఇది. ప్రాణాల మీదికి తెచ్చే అలవాటు కూడా ఇదే.

2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. వాళ్లలో 44.5 శాతం మంది టూవీలర్ మీద ఉన్నవాళ్లే. ఇంజిన్ నడుస్తున్న బైకే ఇంత డేంజర్ అయితే, ఇంజిన్ ఆగిన బైక్‌ను ఇంకో బండితో కదిలించడం ఎంత డేంజరో వేరే చెప్పాలా?

బండే బంకుకు ఎందుకు పోవాలి?

సీసాలో పెట్రోల్ తెచ్చుకుంటే సరిపోదా అనొచ్చు. చాలా బంకుల్లో సీసాలో పొయ్యరు. అంటే బండే బంకు దగ్గరికి రావాలి. పైగా పాత కార్బురేటర్ బైకులకు రిజర్వ్ నాబ్ ఉండేది. ఆగగానే తిప్పితే ఇంకొన్ని కిలోమీటర్లు లాగేది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 వచ్చాక ఫ్యూయల్ ఇంజెక్షన్ బళ్లే ఎక్కువయ్యాయి. వీటికి ఆ నాబ్ లేదు. మీటర్‌లో లైట్ వెలగడమే వార్నింగ్. దాన్ని చూసీ చూడనట్టు వదిలేస్తే రోడ్డు మధ్యలో నిలబడాల్సిందే.

2024 జనవరి 2న ఏం జరిగిందో గుర్తుందా? హిట్ అండ్ రన్ చట్టంపై డ్రైవర్ల ఆందోళనతో హైదరాబాద్ బంకుల ముందు కిలోమీటర్ల క్యూ. ఓ ఫుడ్ డెలివరీ బాయ్ ఏకంగా గుర్రం ఎక్కి ఆర్డర్ ఇవ్వడానికి వెళ్లిన వీడియో వైరల్ అయింది. అందరికీ గుర్రం దొరకదు కదా.. మిగతావాళ్లకు దిక్కు పక్కవాడి కాలే.

ఏ కాలు పెడుతున్నారు?

ఇక్కడే అసలు విషయం ఉంది. వెనక ఉన్న బైక్ రైడర్ ఆగిన బండికి ఎడమ పక్కన వచ్చి కుడి కాలు పెట్టాడనుకోండి. గేర్ల బైక్‌కు వెనక బ్రేక్ ఉండేది ఆ కుడి కాలి కిందే. అంటే తోస్తున్నంత సేపూ ఆయనకు ముందు బ్రేక్ ఒక్కటే దిక్కు. ఒక కాలు గాల్లో, బరువంతా ఒక పక్కకు, పైగా సడెన్‌గా ముందు బ్రేక్.. బండి జారడానికి ఇంతకంటే ఏం కావాలి?

పోనీ కుడి పక్కకు వచ్చి ఎడమ కాలు పెడితే? బ్రేక్ దొరుకుతుంది. కానీ గేరు పోతుంది, ఎందుకంటే గేర్ లివర్ ఎడమ కాలి దగ్గర ఉంటుంది. పైగా మన బైకుల్లో ఎక్కువ వాటికి సైలెన్సర్ కుడి పక్కనే. అప్పటిదాకా నడిచి వచ్చిన బండి సైలెన్సర్‌కు చెప్పు కాలు తగిలితే తోలు ఊడుతుంది. ట్రాఫిక్ కూడా కుడి పక్క నుంచే ఓవర్‌టేక్ చేస్తుంది. అంటే సాయం చేసేవాడు రోడ్డు మధ్యకు వచ్చేసినట్టే.

స్కూటర్లకు రెండు బ్రేకులూ చేతుల్లోనే ఉంటాయి, గేర్ల గోల లేదు. తోసేవాళ్లలో స్కూటీలు ఎక్కువ కనిపించడానికి కారణం అదే. అయినా రెండు హ్యాండిళ్లు పక్కపక్కనే పోతుంటే ఒక చిన్న గుంత చాలు.. రెండూ లాక్ అయిపోతాయి.

తప్పదు అనుకుంటే వెనక ఎవరూ కూర్చోకూడదు, ఇద్దరికీ హెల్మెట్ ఉండాలి, ఫ్లైఓవర్ దిగువకు అసలు తోయకూడదు. దిగేటప్పుడు ఆగిన బండి తనంతట తానే దొర్లుతుంది. ఇంజిన్ ఆగినా బ్రేకులు పనిచేస్తాయి. తాళం మాత్రం ఆన్‌లో ఉంచాలి, లేకపోతే బ్రేక్ లైట్, ఇండికేటర్ వెలగవు. చాలా బైకుల్లో ఇంజిన్ ఆగితే హెడ్‌లైటూ ఆగిపోతుంది. రాత్రిపూట అది మర్చిపోవద్దు.

తాడు కడితే ఇంకో కథ

పల్లెల్లో, హైవేల పక్కన ఆటో వెనక తాడు కట్టి లాగడం మామూలే. కారును లాగినట్టే కదా అనుకుంటారు. కాదు. కారు నాలుగు చక్రాల మీద నిలబడుతుంది. బైక్ హ్యాండిల్‌ను క్షణక్షణం అటూ ఇటూ సర్దుకుంటూ బ్యాలెన్స్ అవుతుంది. ఆ హ్యాండిల్‌కే తాడు ముడేస్తే సర్దుకునే వీలుండదు. ఆటో మలుపు తిరగ్గానే హ్యాండిల్‌ను తాడు లోపలికి లాగేస్తుంది. ఆటో బ్రేక్ వేస్తే తాడు వదులై రోడ్డు మీద పడుతుంది, ముందు చక్రానికి చుట్టుకుంటుంది. మళ్లీ ఆటో కదిలితే ఒక్క కుదుపు.

అందుకే తెలిసిన మెకానిక్‌లు బైక్ వైపు ముడి వెయ్యరు. తాడును ఫుట్‌రెస్ట్‌కు ఒక చుట్టు చుట్టి, కొసను బూటు కింద తొక్కి పెట్టుకుంటారు. తేడా అనిపిస్తే కాలెత్తితే చాలు, తాడు విడిపోతుంది. ఇది ప్రమాదాన్ని తగ్గిస్తుందే తప్ప పూర్తిగా పోగొట్టదు.

ఇంకో ముప్పు ఈ ఇద్దరిది కాదు, మూడో వాడిది. మన ట్రాఫిక్‌లో రెండు బళ్ల మధ్య నాలుగు అడుగుల సందు కనిపిస్తే బైక్ దూరుతుంది. చీకట్లో నల్ల తాడు ఎవరికి కనిపిస్తుంది? కనీసం ఒక ఎర్ర గుడ్డో, తెల్ల టవలో కట్టాలి.

రూల్ ఏం చెబుతోంది?

1989 నాటి రోడ్ రెగ్యులేషన్స్‌లోనే టోయింగ్‌కు లెక్కలు రాశారు. చెడిపోయిన బండినే లాగాలి. రెండు బళ్ల మధ్య దూరం 5 మీటర్లు దాటకూడదు. తాడు అందరికీ కనిపించాలి. వెనక తెల్ల బోర్డు మీద 75 మిల్లీమీటర్లకు తగ్గని నల్ల అక్షరాల్లో 'ఆన్ టో' అని ఉండాలి. స్పీడ్ గంటకు 24 కిలోమీటర్లు మించొద్దు. తాడుతో లాగించుకునే బండిలో లైసెన్స్ ఉన్న మనిషి స్టీరింగ్ పట్టుకోవాలి, లేదా ముందు చక్రాలను నేలకు తగలకుండా ఎత్తి కట్టాలి.

చదివితేనే తెలుస్తోంది, రాసినవాళ్ల మనసులో ఉన్నది కార్లు, లారీలే. బోర్డు కట్టుకుని వెళ్లే బైక్‌ను ఎవరైనా చూశారా? 2017లో వీటి స్థానంలో కొత్త డ్రైవింగ్ రెగ్యులేషన్స్ వచ్చినా రోడ్డు మీద సీన్ మారలేదు. జర్మనీ చట్టం మాత్రం ఒక్క ముక్కలో తేల్చేసింది.. మోటార్‌సైకిల్‌ను టో చేయకూడదు, అంతే. మన దగ్గర డేంజరస్ డ్రైవింగ్ కింద సెక్షన్ 184 పెడితే, మొదటిసారికే వెయ్యి నుంచి 5 వేల దాకా ఫైన్ లేదా 6 నెలల నుంచి ఏడాది దాకా జైలు, ఒక్కోసారి రెండూ ఉంటాయి.

ఎక్కించి తీసుకెళ్లడమే బెటర్

దూరం కిలోమీటర్ దాటితే ట్రాలీ ఆటోనో, టాటా ఏసో మాట్లాడుకోవడమే నయం. ఎక్కించాక సైడ్ స్టాండ్ మీద వదిలేస్తే మొదటి మలుపులోనే పడుతుంది. ముందు చక్రాన్ని క్యాబిన్ గోడకు ఆనించి, హ్యాండిల్ రెండు వైపులా తాళ్లు కిందకు బిగించాలి. ముందు ఫోర్క్ కాస్త దిగాలి, అప్పుడే తాడు వదులవదు. వెనక చక్రానికీ రెండు వైపులా కట్టాలి.

ఖర్చు ఇన్సూరెన్స్ ఇస్తుందిలే అనుకుంటే కష్టం. స్టాండర్డ్ టూవీలర్ ప్యాకేజ్ పాలసీ షరతుల్లో బండిని రిపేర్ షాపుకు చేర్చడానికి ఇచ్చేది గరిష్ఠంగా 300 రూపాయలు. అదీ యాక్సిడెంట్ లాంటి పాలసీ కవర్ చేసే నష్టం జరిగితేనే. పెట్రోల్ అయిపోతే రాదు. దానికి రోడ్‌సైడ్ అసిస్టెన్స్ యాడ్ ఆన్ విడిగా తీసుకోవాలి. నో పార్కింగ్‌లో పెడితే నిమిషాల్లో వచ్చే క్రేన్, ఆగిపోయిన బైక్ కోసం మాత్రం రాదు మరి.

నేషనల్ హైవే మీద ఆగితే 1033కు కాల్ చేయొచ్చు. పెట్రోలింగ్ వాహనం, క్రేన్, అంబులెన్స్ అక్కడి నుంచే పంపిస్తారు. హైదరాబాద్-విజయవాడ రూట్‌లో రాత్రిపూట వెళ్లేవాళ్లు ఈ నంబర్ సేవ్ చేసుకోవాలి. పంచర్ అయిన బండిని మాత్రం తోయించుకోవద్దు, లాగించుకోవద్దు. గాలి లేని టైర్ మీద హ్యాండిల్ మాట వినదు.

ఇక ఎలక్ట్రిక్ స్కూటర్లు. చార్జింగ్ అయిపోతే వీటినీ కాలితో తోసేస్తున్నారు. వెనక చక్రంతో పాటు మోటార్ కూడా తిరిగే రకాల్లో దూరం తోస్తే కరెంట్ రివర్స్‌లో పుడుతుంది, కంట్రోలర్‌కు దెబ్బ తగలొచ్చు. యాప్‌లో అసిస్టెన్స్ రిక్వెస్ట్ పెట్టి, వాళ్లు వచ్చేలోపు బండిని నడిపించుకుంటూ రోడ్డు అంచు దాటించి పెట్టాలి, మనిషి కూడా దాని వెనక కాకుండా పక్కకు జరిగి నిలబడాలి.