గాలం దారం చిన్న విషయం కాదు

పోడు గురించి రాస్తాం. పట్టా గురించి రాస్తాం. ఇప్పపువ్వు గురించి, కొండ దేవతల గురించి రాస్తాం. ఏటి గురించి మాత్రం తక్కువ రాస్తాం. ఏట్లో చేప గురించి అసలే రాయం. ఇక చేపను పట్టే దారం గురించి వ్యాసం రాస్తానంటే, ఇంతకన్నా పనికొచ్చే సంగతే దొరకలేదా అని మనవాళ్లే నవ్వుతారు. ఆ నవ్వుకే ఈ జవాబు.

నేను చెప్పేది ఇది. మీసాల పరిగెకు ఏ దారం కట్టాలో మన పిల్లలకు ఇవాళ సంతలో దుకాణదారు చెబుతున్నాడు, లేదా ఫోన్‌లో వీడియో చెబుతోంది. ఆ ఇద్దరికీ మన ఏరు తెలియదు. తెలిసిన పెద్దలను అడిగేవాళ్లు లేరు. వాళ్లకు తెలిసినదాన్ని పాఠంగా చెప్పే బడి లేదు. ఇదిలాగే సాగితే చేపా పోతుంది, చేపను పట్టే తెలివీ పోతుంది, ఏటి మీద మనకున్న హక్కూ పోతుంది. ఈ మూడింటికీ ముడి ఆ సన్నని దారంలోనే ఉంది.

ముందు చేప సంగతి చూద్దాం. గోదావరి, శబరి, సీలేరు, వాటిలో కలిసే కొండవాగుల్లో మీసాలున్న చేపలు చాలా ఉన్నాయి. జెల్లకూ వాలుగకూ మీసాలున్నాయి, పొలుసు లేదు. పొలుసూ మీసమూ రెండూ ఉన్నవాటిలో మనకు బాగా తెలిసింది పెద్ద పరిగె. కొన్ని చోట్ల పరక అంటారు. శాస్త్రవేత్తలు దానికి సిస్టోమస్ సరానా అని పేరు పెట్టారు. మూతి దగ్గర రెండు జతల మీసాలుంటాయి. ఆ మీసాలతో అడుగున తడుముకుంటూ మేత వెతుక్కుంటుంది. వానాకాలంలో గుడ్లు పెడుతుంది. దీని పెద్ద చుట్టం మహసీర్. కృష్ణా, గోదావరి, కావేరి నదుల్లో దాని జాతులు ఉన్నట్టు చేపల పుస్తకాల్లో ఉంటుంది. యూరపు శాస్త్రవేత్తలు ఈ చేపలన్నిటినీ చాలాకాలం తమ నదుల్లోని బార్బెల్‌తో కలిపి బార్బస్ అనే ఒకే గంపలో వేశారు. ఆ మాటకు మూలం గడ్డం అనే లాటిన్ పదం.

దారం ఎంచుకోవాలంటే తెలియాల్సిన మొదటి సంగతి, పరిగె దవడలో పళ్లు లేవు. దాని పళ్లు గొంతులో ఉంటాయి. నత్తల్నీ గింజల్నీ అక్కడ నలుపుతుంది. అందుకే అది దారాన్ని కొరికి తెంపుకోవడం అరుదు. వాలుగ వేరు, దాని నోటినిండా పళ్లే. మరి పరిగె తగిలిన దారం ఎందుకు తెగుతుంది? రాయి కోస్తుంది. గాలం తగలగానే పరిగె వడిలోకి దూకుతుంది, లేదా బండ కిందికి దూరుతుంది. దారం ఆ బండ అంచు మీద రాసుకుంటుంది. కాబట్టి దారానికి శత్రువు చేప కాదు, రాయి. ఈ ఒక్క మాట తెలియనివాడు దుకాణంలో ఎంత డబ్బు పోసినా తప్పు దారమే కొంటాడు.

ఇప్పుడు దుకాణం సంగతి. అక్కడ మూడు రకాల మాటలు వినిపిస్తాయి. మూడింటికీ జవాబు చెప్పాలి.

మొదటి మాట: "ఇది అల్లిక దారం, వెంట్రుకంత సన్నం, ఉక్కంత గట్టి." నిజమే, అంతే లావున్న టంగూసు కన్నా ఈ అల్లిక దారం చాలా ఎక్కువ బరువు ఆపుతుంది. సాగదు. నీటి మీద తేలుతుంది. సముద్రంలోనూ లోతు చెరువులోనూ దానికి మంచి పేరుంది. మన ఏట్లో మాత్రం ఆ గొప్పలే కీడు. సన్నని పోగులు గనుక బండ అంచుకు తగిలితే ఒక్కో పోగూ తెగిపోతుంది. సాగదు గనుక చేప ఒక్క గుంజు గుంజితే దాని పెదవి చీలుతుంది, లేదా ముడి జారుతుంది. వట్టి చేత్తో పట్టి లాగితే వేలు కోస్తుంది. మన పిల్లల్లో చాలామందికి రాట్నమున్న రాడ్డు లేదు, వెదురు కర్రో వట్టి చెయ్యో ఉంది. ఊళ్లో గాలాన్ని చూడకుండా అమెరికా చెరువు గాలాన్ని చూసి కొనేవాడికి మిగిలేది కోసుకుపోయిన వేలే.

రెండో మాట: "చవకది తీసుకో, తెగితే ఇంకోటి." ఇది అన్నిటికన్నా చెడ్డ మాట. చవక టంగూసు ఎండకు పెళుసెక్కుతుంది, చుట్టలు చుట్టలుగా ముడుచుకుంటుంది, ముడి దగ్గర పుటుక్కుమంటుంది. తెగిన ముక్క ఏట్లోనే ఉండిపోతుంది. నార దారమైతే కొన్నాళ్లకు కుళ్లి మట్టిలో కలుస్తుంది. టంగూసు అంటే నైలాను, అది కుళ్లదు. ఏళ్లూ పూళ్లూ బండల మధ్య ఉండి నీటికాకి కాలికి, తాబేలు మెడకు, నీటికుక్క పిల్లకు చుట్టుకుంటుంది. చేప తప్పించుకుందిలే అనుకుంటాం. నోట్లో గాలం, వెనక రెండు బారల దారంతో ఆ చేప ఏదో వేరుకు చిక్కుకుని చస్తుంది. మనకూ దక్కదు, ఏటికీ దక్కదు.

మూడో మాట దుకాణదారుది కాదు, మన సభల్లో వినిపించేది: "నార దారమే మనది, నైలాను పరాయిది, దాన్ని మానేయాలి." వినడానికి బాగుంటుంది. జనుము నారను పేని, దారం కుళ్లకుండా చెట్టు బెరడు కషాయంలో నానబెట్టి వాడిన పనితనం గొప్పదే. దాన్ని రాసి పెట్టుకోవాలి, పిల్లలకు చూపించాలి. కానీ ఆ పనికి జనుము పండించే చేను ఉండాలి, పేనే తీరిక ఉండాలి. పూట గడవని ఇంట్లో పిల్లవాడికి నార పేనమని చెప్పడం సభలో చప్పట్ల కోసం తప్ప ఏటి కోసం కాదు. తాతలు నారను ఎందుకు వాడారు? అప్పటికి దొరికినవాటిలో అది గట్టిది గనుక. పనిముట్టును ఏటికి తగినట్టు ఎంచుకోవడమే వాళ్ల సంప్రదాయం. 1930లలో అమెరికాలో పుట్టిన నైలానును మనం ఎంచి, కొలిచి, జాగ్రత్తగా వాడితే అదీ ఆ సంప్రదాయమే.

మరి ఏది ఎంచుకోవాలి? దాచకుండా చెబుతాను.

అరకిలో, కిలో పరిగెలున్న రాళ్ల వాగుకు ఒంటిపోగు టంగూసు చాలు. చుట్ట మీద లావు రాసి ఉంటుంది, అది చూసి కొనాలి. కర్రకు కట్టే అసలు దారం 0.30 మిల్లీమీటర్ల లావున్నది తీసుకోండి. కంపెనీని బట్టి మారినా అది సుమారు 6, 7 కిలోల లాగుడుకు ఆగుతుంది. కిలో చేపకు అంత ఎందుకంటారా? వడిలో చేప తన బరువును మించి గుంజుతుంది. నైలాను తడిస్తే కొంత బలం తగ్గుతుంది. ముడి వేసిన చోట ఇంకొంత తగ్గుతుంది. రాయి రాసుకున్న చోట మరింత తగ్గుతుంది. ఇవన్నీ తీసేయగా మిగిలేదే మన బలం. చేత్తో విసిరే గాలానికైతే 0.40 కన్నా తక్కువ వద్దు, వేలు తెగుతుంది. గోదావరి నడి పాయలో పెద్ద చేపల కోసం వేసేదానికీ అదే లావు మంచిది.

గాలానికి దగ్గరగా ఒక మూరెడు దారం మాత్రం అసలు దారం కన్నా సన్నది కట్టండి, 0.25 చాలు. ఎందుకు? గాలం రాతిలో ఇరుక్కుంటే ఆ మూరెడే తెగాలి. నాలుగు బారల దారం ఏటిపాలు కాకూడదు. ఫ్లోరోకార్బన్ అనే ఖరీదైన దారం నీళ్లలో తక్కువగా కనిపిస్తుందనీ, రాపిడికి ఆగుతుందనీ అమ్ముతారు. ఆ మాటలో నిజముంది. అయినా వానాకాలం బురదనీటిలో కనిపించని దారంతో పనేముంది? ఆ డబ్బుతో మంచి గాలాలు కొనుక్కోండి.

ముడి బిగించేముందు ఉమ్మితో తడపండి. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి నైలాను దెబ్బతింటుంది. చేప పడ్డా పడకపోయినా గంటకోసారి చివరి రెండు మూరలు వేళ్ల మధ్య జారవిడిచి చూడండి. గరుకు తగిలితే అక్కడికి కోసి మళ్లీ కట్టండి. కోసిన ముక్క జేబులో వేసుకుని ఇంటికి తెచ్చేయాలి. దారాన్ని ఎండలో, చూరు మీద వదిలేయొద్దు. సీసం గుండు బదులు గులకరాయి కట్టండి. సీసం విషం, రాయి ఏటిదే.

ఇంత జాగ్రత్త ఒక్క గాలానికే ఎందుకు, పక్కవాడు సన్నకళ్ల టంగూసు వలతో వాగంతా అడ్డం కడుతుంటే? అవతలివాడు బాంబు వేస్తుంటే? బ్లీచింగు, పురుగుమందు కలుపుతుంటే? ఈ ప్రశ్న న్యాయమైనదే. అందుకే గాలం గురించి రాస్తున్నాను. గాలం ఒక్కో చేపనే తెస్తుంది. చిన్నదైతే వదలొచ్చు, గుడ్లతో ఉన్నదైతే వదలొచ్చు. సన్నకళ్ల వలకు పిల్లా తల్లీ తేడా లేదు. బాంబుకు చేపకూ గుడ్డుకూ తేడా లేదు, వేసినవాడి చేతికీ తేడా లేదు. చెయ్యి పోయినవాళ్లు ఏటి ఒడ్డు ఊళ్లలో ఉన్నారు. "మన పెద్దలూ మంగకాయ కొట్టి మడుగులో వేశారుగా" అని కొందరు వాదిస్తారు. మంగకాయ, పురుగుమందు ఒకటేనా? ఎండాకాలం ఎండిపోయే మడుగులో ఊరంతా కలిసి చేసిన పనిని, పారే ఏటిలో రాత్రిపూట ఒక్కడు డబ్బా ఒంపే పనికి సాకుగా చూపడం పెద్దలను అవమానించడమే. పేలుడుతో చేపలను చంపడం, నీళ్లలో విషం కలపడం 1897 నాటి భారత మత్స్య చట్టం కాలం నుంచీ నేరాలే. తెల్లవాడి చట్టం ఆపలేకపోయినదాన్ని మన గ్రామసభ ఆపాలి.

ఇక్కడే హక్కు సంగతి వస్తుంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్, సామూహిక హక్కుల్లో చేపల్నీ ఇతర నీటి ఉత్పత్తుల్నీ పేరు పెట్టి చెప్పింది. సామూహిక హక్కుల దరఖాస్తు ఫారం-బిలో చేపలకు, నీటి వనరులకు ఒక వరుస ఉంది. మీ ఊరి దరఖాస్తు తీసి చూడండి, ఆ వరుస నింపారా? అదే చట్టం ఐదో సెక్షన్ నీటి వనరులను కాపాడే బాధ్యతా గ్రామసభకే ఇచ్చింది. 1996 నాటి పెసా చట్టం చిన్న నీటి వనరుల నిర్వహణను షెడ్యూల్డ్ ప్రాంత పంచాయతీలకు అప్పగించాలంది. కాగితం మీద ఇంత ఉంది. కానీ ఏటిని మనమే పాడు చేస్తే రేపు వేలంపాటగాడు వచ్చి "వీళ్లకు చేప విలువ తెలియదు, నాకివ్వండి" అంటాడు. అప్పుడు మన నోట మాట రాదు. ఏ దారం, ఏ కన్ను వల, ఏ నెలలో వేట బంద్ అని గ్రామసభ తీర్మానం రాసుకున్న ఊరికి మాత్రం జవాబుంటుంది.

పోలవరం ముంపు ఊళ్లవాళ్లకు ఇది ఇంకా దగ్గరి బాధ. పారే నీరు నిలవ నీరైతే రాళ్ల మధ్య వడిలో బతికే చేపకు ఆ చోటు ఉండదు. ఏటి ఒడ్డు వదిలి కాలనీకి వచ్చిన పిల్లవాడికి వాగు ఉండదు. పరిహారం లెక్కల్లో ఇల్లు ఉంది, చెట్టు ఉంది, భూమి ఉంది. ఏ బండ పక్కన ఎంత దారం వదలాలో తెలిసిన తాత తెలివికి అందులో ఏ గడీ లేదు. రాసిపెట్టనిదాన్ని పోయిందని కూడా ఎవరూ ఒప్పుకోరు.

టీచర్లకు చివరి మాట. 1873లో మద్రాసు సర్కారు ఉద్యోగి హెచ్.ఎస్. థామస్ ఇండియాలో గాలం వేట మీద ఇంగ్లీషులో పెద్ద పుస్తకం అచ్చేశాడు. దొర గాలం వేస్తే అది విద్య, గ్రంథం. మన పిల్లవాడు గాలం వేస్తే బడి ఎగ్గొట్టడం. ఈ తేడా ఎక్కడినుంచి వచ్చిందో ఆలోచించండి.

ఆ పిల్లవాణ్ని తిట్టడం మాని, దారంతో సహా క్లాసుకు పిలవండి. ఒక బకెట్‌ను దారంతో కొమ్మకు, నేలకు జానెడు ఎత్తులో కట్టండి. లీటరు నీరు కిలో బరువు. లీటరు లీటరు పోస్తూ ఎక్కడ తెగుతుందో రాయించండి, బకెట్ బరువూ కలపండి. ఒక బకెట్ నిండినా తెగకపోతే రాళ్లు తూచి వేయండి. పొడి దారం, తడి దారం, ముడి ఉన్నది, లేనిది, బండకు పదిసార్లు రాసినది, అన్నీ తూయించండి. బలం, రాపిడి, సాగుడు, సగటు, గ్రాఫు అన్నీ అందులోనే ఉన్నాయి. ఆ ఫలితాలను ఊరి పెద్ద ముందు చదివించండి. ఆయన "అది నాకు ముందే తెలుసు" అంటే, ఎలా తెలుసో చెప్పమని అడిగి కోయలోనో కొండరెడ్డి యాసలోనో ఆయన చెప్పినట్టే రాయించండి. ఆ నోటుబుక్కే మన పాఠ్యపుస్తకం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, వచ్చే సంతలో దారం కొనేటప్పుడు లావెంతో అడగండి, పట్టి చూడండి, ముడి వేసి గుంజి చూడండి. దుకాణదారు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. ఏరు అతనిది కాదు.