రంగు డబ్బాకు ముందు మిద్దె మీదికి

పాత అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్లకు అటూఇటూ. అందుకే రొళ్ల, అగళి, మడకశిర పల్లెల్లో ఇల్లు కట్టుకునేవాళ్లు బోరులో నీళ్లు పడతాయా అని బెంగపడినంతగా మిద్దె ఉరుస్తుందేమోనని బెంగపడరు. కానీ ఆ కాస్త వానలో పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో, కొద్ది రోజుల్లోనే కుమ్మరించిపోతుంది. 2021 నవంబరులో చిత్రావతి పొంగి, వెల్దుర్తి దగ్గర చిక్కుకున్న పదిమందిని వాయుసేన హెలికాప్టర్ బయటికి తేవలసి వచ్చింది. అవే వానలకు కదిరిలో కడుతున్న మూడంతస్తుల భవనం పక్క ఇంటి మీద కూలి, పిల్లలతో సహా పలువురు చనిపోయారు. మరుసటి ఏడాది అక్టోబరులో నడిమివంక అనంతపురం కాలనీలను ముంచెత్తింది.

అయినా పట్టుగూళ్ల డబ్బు చేతికొచ్చినా, బెంగళూరు కూలిలో నాలుగు రాళ్లు మిగిలినా మొదటి ఖర్చు వీధి గోడకే వెళ్తోంది. ముందువైపు టైల్స్, స్టీలు రెయిలింగు, హాల్లో ఫాల్స్ సీలింగ్. మిద్దె మీద నెర్రె మాత్రం వచ్చే ఏడాదికి వాయిదా.

ఈ సీమ పెద్దలు ఇలా చేయలేదు. మట్టి మిద్దెల కాలంలో ఎండాకాలం పోకముందే చెరువు గట్టునో, చౌడు నేలల్లోనో మట్టి తవ్వి తెచ్చి మిద్దె మీద పరిచేవారు. చౌడులోని సోడియం వల్ల తడి తగలగానే బంకమట్టి రేణువులు విడివడి సందులను పూడ్చేస్తాయి, నీరు కిందికి దిగదు. గోడలకు సున్నం కొట్టడం ఆ తర్వాత, పండగకు. కప్పు ముందు, సొగసు వెనక అన్న వరుస ఏడాది పనుల్లోనే ఉండేది. సిమెంటు స్లాబు వచ్చాక సున్నం కొట్టే అలవాటు రంగు రూపంలో మిగిలింది, మిద్దె చూసుకునే అలవాటు పోయింది.

అలాగని పాత మిద్దెలన్నీ భద్రమైనవేమీ కావు. ఏటా పాత మట్టి తీయకుండా కొత్తది పోస్తూ పోతే బరువు పెరుగుతుంది. పదడుగుల చదరపు గది మీద అడుగు మందం మట్టి ఉంటే అది సుమారు నాలుగున్నర టన్నులు, వానకు నానితే ఇంకా ఎక్కువ. కింద దూలాలు చెదలు తిని ఉంటే ఇక చెప్పేదేముంది? 2024 జూన్ చివర నంద్యాల జిల్లా చాగలమర్రి మండలం చిన్నవంగలిలో మట్టి మిద్దె కూలి, నిద్రలో ఉన్న ఒకే కుటుంబంలోని నలుగురు ప్రాణాలు కోల్పోయారు. భార్యాభర్తలు, ఇద్దరు ఆడపిల్లలు. పాత మిద్దెల్లో పడుకునే ప్రతి ఇంటివాళ్లూ ఆ వార్తను గుర్తుపెట్టుకోవాలి.

స్లాబుకు వేరే జబ్బు. నెర్రెలోంచి దిగిన నీరు కమ్మీని చేరి తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పైనున్న కాంక్రీటును చీల్చి పెచ్చులు ఊడదీస్తుంది. పెచ్చు ఊడేసరికే కమ్మీ బలం కొంత పోయి ఉంటుంది. చెమ్మ గోడకు పుట్టీ పూసి రంగు వేస్తే ఒక్క వానాకాలానికే పొక్కుతుంది. ఫాల్స్ సీలింగ్ ఇంకా చేటు, ఎందుకంటే నీటి మరకను ఇంటివాళ్ల కంటికే కనపడకుండా దాచేస్తుంది.

లేపాక్షి వీరభద్రాలయం రొళ్ల నుంచి దూరమేమీ కాదు. 16వ శతాబ్దంలో దాని కప్పు లోపలివైపు గీసిన బొమ్మలను చూడటానికి దేశదేశాల వాళ్లు వస్తారు. పైన రాతి బండల సందుల్లోంచి నీరు దిగినచోట ఆ రంగులు వెలిసిపోయాయి. అంత గొప్ప చిత్రకారుల పనికే కప్పు కాపు అవసరమైనప్పుడు, హాల్లో వేసే రంగు ఎంత?

డబ్బు తక్కువున్న ఇంట్లో మొదటి పని వాన వెలిసిన మర్నాడు మిద్దె ఎక్కి నీరు ఎక్కడ నిలిచిందో చూడటం. నిలిచినచోట వాలు సరిచేయించాలి. పిట్టగోడ స్లాబును కలిసే మూల, నీరు పోయే గొట్టం నోరు చాలా ఇళ్లలో ఉరిసే చోట్లు, మేస్త్రి ముందు అక్కడ చేయి పెట్టాలి. కొత్త స్లాబైతే ఒక రోజంతా నీళ్లు కట్టి చూడకుండా పైపూతకు దిగకూడదు. ఆ తర్వాత గోడ మొదట్లో వాననీరు ఇంకకుండా బయటికి పోయే దారి, కిటికీల మీద సజ్జలు. టైల్స్ గురించి ఆలోచన వీటన్నిటి తర్వాతే.

మట్టి మిద్దెల సంగతి ఇంటివాళ్లకే వదిలేయడం న్యాయం కాదు. గ్రామ సచివాలయాల్లో ఇంజినీరింగ్ అసిస్టెంట్లు ఉన్నారు. ఏటా మే నెలలో వాళ్లు పాత మిద్దెలన్నీ తిరిగి, దూలాలు, గోడలు చూసి, పడుకోకూడని ఇంటిని పడుకోకూడదని గట్టిగా చెప్పాలి. ఆ ఇళ్లవాళ్లకు గృహనిర్మాణ పథకాల్లో ముందు వరుస ఇవ్వాలి. ఈ పనిని శ్రీ సత్యసాయి జిల్లా యంత్రాంగం వచ్చే వానాకాలం లోపే, రొళ్ల లాంటి సరిహద్దు మండలాల నుంచే మొదలుపెట్టాలి.