పంపితిమనుట చాలదు, ముట్టినదని తెలియవలెను



చెల్లింపు ఆలస్యమైనప్పుడెల్ల మన కార్యాలయములలో వినవచ్చు మాట యొకటి కలదు: "కంప్యూటరు పనిచేయలేదు, లెక్కలు పైకి పోలేదు." ఆ మాట విని రైతు మారుమాటాడక యింటికి మరలును. యంత్రము సంగతి తనకు తెలియదు గనుక అడుగుట తగదని యతని తలంపు. ఈ తలంపు సరియైనది కాదని నా యభిప్రాయము. అందులకు కారణమైన అనుభవము నొకదానిని మీ ముందుంచుచున్నాను.

2002వ సంవత్సర ప్రాంతమున నేనొక పాలశీతలీకరణ కేంద్రమున గుమాస్తాగా నుంటిని. చుట్టుప్రక్కల గ్రామముల పాల కొలతయు వెన్నశాతమును దినదినము కంప్యూటరున నెక్కించి, రాత్రివేళ టెలిఫోను ద్వారా పట్టణమందలి ప్రధాన కార్యాలయమునకు పంపుట నా పని. ఇందులకు మోడెమను చిన్నపెట్టె యుండెడిది. అది కంప్యూటరు అంకెలను ధ్వనులుగా మార్చి తీగెపై పంపును. ఆవలి మోడెము ఆ ధ్వనులను మరల అంకెలుగా మార్చుకొనును. పదునైదు దినముల కొకసారి పాలబిల్లు ఈ లెక్కలను బట్టియే చెల్లుచుండెను.

ఒక వానకాలమున లెక్కలు పోవుట నిలిచినది. మేము మోడెము చెడినదంటిమి. ప్రధాన కార్యాలయమువారు గుమాస్తాకు పని తెలియదనిరి. ఈ వాదము నడుమ పాలబిల్లు తొమ్మిది దినములు ఆగిపోయినది. దాణాకు అప్పుచేసిన ఒక రైతమ్మ వచ్చి, "నా పాలు కొలుచుకొన్న నాడు మీకు ఏ తీగెయు అడ్డము రాలేదు గదా!" అని యడిగినది. నాకు ప్రత్యుత్తరము తోచలేదు.

తుదకు విచారింపగా దోషములు మూడని తేలినవి. గోడవద్ద టెలిఫోను తీగె అతుకులో తడి చేరినది. అదే తీగెపై మేనేజరు గదిలో మరియొక టెలిఫోను ఉండుటచే, దాని నెవరెత్తినను సంబంధము తెగుచుండెను. మూడవది, ప్రధాన కార్యాలయమువారు తమ యంత్రపు అమరికను మార్చి మాకు తెలుపలేదు. మోడెము మాత్రము నిర్దోషి. మేము ఒక క్రమమున వెదకక, ఒకేమారు నాలుగింటిని మార్చి చూచుటచే ఏది కారణమో తెలియక దినములు గడచినవి.

ఆ క్రమము కష్టమైనది కాదు. మొదట మామూలు టెలిఫోనును అదే తీగెకు తగిలించి చెవితో వినవలెను. డయల్ టోను లేకున్నను, బుసబుసమను రొద యున్నను దోషము తీగెలోనిది. కంప్యూటరులో ఎన్ని మార్పులు చేసినను అది కుదురదు, లైనుమానును పిలువవలసినదే. తరువాత అదే తీగెపై నున్న యితర టెలిఫోనులను ఊడదీసి చూడవలెను. పిమ్మట డయలు చేయు విధము. పాత ఎక్స్ఛేంజీలు కొన్ని టోను డయలును గుర్తింపవు. అట్టిచోట ఎ.టి.డి.టి. అను ఆజ్ఞకు బదులు ఎ.టి.డి.పి. యని వ్రాసి పల్సు పద్ధతిని వాడవలెను. చెవికి డయల్ టోను వినబడుచున్నను మోడెము దానిని గుర్తింపకున్నచో, ఎక్స్ 3 అను ఆజ్ఞచే టోనుకై వేచియుండకుండ చేయవచ్చును.

సంబంధము కుదిరి వెంటనే తెగుచున్నచో వేగము తగ్గింపవలెను. మోడెముపై 33,600 అని వ్రాసియున్నంత మాత్రమున పల్లెతీగె అంత వేగమును భరింపదు. సెకనుకు 9,600 బిట్ల వేగమున సుమారు 960 అక్షరములు పోవును. ఎనుబది అక్షరముల వరుసలు మూడువందలున్న లెక్కకు ఇరువదియైదు సెకనులు చాలును. పదునెనిమిది సెకనులు మిగుల్చుకొనుటకై రాత్రియంతయు పోగొట్టుకొనుట వివేకము కాదు.

సంబంధము నిలిచియు అక్షరములు పిచ్చిగీతలుగా వచ్చుచున్నచో, ఇరుప్రక్కల అమరిక కలియలేదని గ్రహింపవలెను. ఒకవైపు ఏడుబిట్లు, సరి ప్యారిటీ, మరియొకవైపు ఎనిమిదిబిట్లు, ప్యారిటీ లేమి. ప్యారిటీ యనగా అక్షరము చెడినదో లేదో చూచుటకు చేర్చు గుర్తు. ఒకరు గుర్తు నుంచి, మరియొకరు దానిని అక్షరములో భాగమని చదివినచో అంతయు తారుమారగును. మాకు జరిగినది ఇదియే. ఒక్క ఉత్తరము వ్రాసినచో తీరెడి చిక్కు.

ఇక ముఖ్యమైన సంగతి. తీగెపై పంపు పద్ధతులను కల్పించినవారు మనకంటె జాగ్రత్తపరులు. 1977లో వార్డు క్రిస్టెన్సెన్ కల్పించిన ఎక్స్‌మోడెము పద్ధతి, లెక్కను 128 బైట్ల ముక్కలుగా పంపి, ఒక్కొక్క ముక్కయు సరిగా ముట్టినదని ఆవలివారు తెలిపినగాని తరువాతి ముక్కను పంపదు. 1986లో వచ్చిన జడ్‌మోడెము, నడుమ తెగినచోట నుండియే మరల నారంభింపగలదు. యంత్రమునకే యింత నియమమున్నప్పుడు దానిని నడుపు మనకు ఉండవలదా? ఆ దినమున పంపిన వరుసలెన్ని, మొత్తము లీటర్లెన్ని యని తుదిని వ్రాసి, అవే అంకెలు ఆవలినుండి తిరిగివచ్చువరకు పని ముగియలేదని తలపవలెను.

పాత యంత్రమును పారవేయుడని కొందరు, పనిచేయుచుండగా మార్పేలయని కొందరు అందురు. పాతదగుట నేరము కాదు. కాని దాని మర్మము ఒక్క గుమాస్తా తలలోనే యుండుట అపాయము. అతడు బదిలీయైన నాడు సంఘము గ్రుడ్డిదగును. పాత దారులు కూడ మూతపడుచున్నవి. అమెరికాలో ఏ.ఓ.ఎల్. సంస్థ తన డయలప్ సేవను 2025 సెప్టెంబరు 30న నిలిపివేసినది. తీగెలు పోయి మాటలు ఇంటర్నెట్టుపై నడచుచోట, మాట స్పష్టముగ వినబడుచున్నను మోడెము తెగిపోవచ్చును. కనుక పాతది నడుచుచుండగనే క్రొత్తదానిని ప్రక్కన నిలిపి, రెంటి లెక్కలును కొంతకాలము సరిచూచి మారుట మేలు.

ఇది గతించిన కథ యని త్రోసివేయవలదు. 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములను కంప్యూటరీకరించుటకై 2,516 కోట్ల రూపాయల పథకమును కేంద్ర ప్రభుత్వము 2022 జూన్ 29న ఆమోదించినది. మోడెము స్థానమున క్రొత్త యంత్రములు వచ్చినవి. కాని "సర్వరు పనిచేయలేదు" అను మాట "మోడెము చెడినది" అను మాటకు తమ్ముడే.

కావున రాబోవు మహాజనసభలో సభ్యులు మూడు ప్రశ్నలు అడుగవలెనని నా మనవి. యంత్రముల అమరికలు కాగితముపై వ్రాసి యుంచినారా, వానిని ఎరిగినవారు ఇద్దరైన నున్నారా? పంపిన లెక్క ముట్టినట్లు దినదినము రుజువు తీసికొనుచున్నారా? సంబంధము రెండు దినములు తెగినచో కాగితపు జాబితాను మనిషిచేత పంపి చెల్లింపు జరిపించు తీర్మానము కలదా? వీనిలో మూడవది ముఖ్యము. పాలు పోసినవాడును, ధాన్యము తోలినవాడును తన పని ముగించియే యున్నాడు. తీగెలో దోషమునకు వాని యింట పొయ్యి ఆరిపోరాదు.