‘మన పిల్లలకు సాధ్యం కాదు’ – ఆంగ్ల తరగతిలో అభ్యాసక స్వయంప్రతిపత్తి

ఆంగ్ల బోధనపై చర్చ జరిగిన ప్రతిచోటా ఉపాధ్యాయుల నుంచి ఒక మాట వినిపిస్తుంది: “స్వయంప్రతిపత్తి మంచిదే, కాని మన పిల్లలకు సాధ్యం కాదు.” ఆదర్శాన్ని అంగీకరిస్తూనే రద్దుచేసే ఈ అభిప్రాయాన్ని ఖండించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తన అభ్యసన బాధ్యతను తానే వహించగల సామర్థ్యాన్ని స్వయంప్రతిపత్తిగా 1981లో హెన్రీ హోలెక్ నిర్వచించారు. ఏమి, ఎలా నేర్చుకోవాలి, ఎంత నేర్చుకున్నాను అనే నిర్ణయాల్లో విద్యార్థికి వాటా ఉండటం దీని సారం. ఒమన్‌లో ఒక విశ్వవిద్యాలయానికి చెందిన 61 మంది ఆంగ్ల ఉపాధ్యాయులపై బోర్గ్, అల్‌బుసైదీ 2012లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. స్వయంప్రతిపత్తి వాంఛనీయమని ఒప్పుకున్నంతగా, అది ఆచరణసాధ్యమని వారు నమ్మలేదు.

ఈ అపనమ్మకం ఎంత నిరాధారమో ఆదిలాబాద్ జిల్లా బోథ్ ప్రాంతంలో తెలుస్తుంది. గోండి, మరాఠీ, లంబాడీ, ఉర్దూ, తెలుగు కలిసి బతికే నేల ఇది. ఇంట్లో గోండి మాట్లాడే బాలిక బడిలో తెలుగు, వారపు అంగడిలో మరాఠీ అందుకుంటుంది. ఎవరితో ఏ భాష మాట్లాడాలో ఆమెకు ఎవరూ పాఠం చెప్పలేదు. విని, పోల్చి, తప్పి, దిద్దుకొని నేర్చుకుంది. ఇంతటి అభ్యాసకురాలు ఆంగ్ల తరగతిలో అడుగుపెట్టగానే అసమర్థురాలు ఎలా అవుతుంది?

2022–23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 1–8 తరగతులకు ఆంగ్ల మాధ్యమం వచ్చింది. తెలుగు, ఆంగ్లం పక్కపక్కనే ఉన్న ద్విభాషా పుస్తకాలూ వచ్చాయి. గోండు బాలికకు ఆ రెండు పుటలూ పరభాషలే. పిల్లల భాషతో చదువు మొదలుపెట్టడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1940లలోనే హైమెండార్ఫ్ చొరవతో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ, గోండి వాచకాలు ఏర్పడ్డాయి.

పాఠ్యప్రణాళిక పూర్తిచేయాలి, పరీక్షకు సిద్ధం చేయాలి అనే ఉపాధ్యాయుల ఇబ్బంది నిజమే. నిర్ణయాధికారం తమకే లేనివారు దానిని పంచలేరు. అయినా ప్రాజెక్టు అంశాన్ని పిల్లలు ఎంచుకోవడానికి, జట్టులో గోండిలో చర్చించి ఆంగ్లంలో రాయడానికి, ఒకరి రాతను మరొకరు దిద్దడానికి ప్రభుత్వ ఉత్తర్వు అవసరం లేదు.

ఈ విమర్శ ఆంగ్ల ఉపాధ్యాయులతో ఆగదు. పద్యానికి తాత్పర్యం మనమే చెప్పి, దానినే జవాబుపత్రంలో ఆశించే తెలుగు తరగతి ఇందుకు భిన్నమా? తెలుగులో సొంత వ్యాఖ్యానానికి చోటు దొరకని విద్యార్థి ఆంగ్లంలో సొంత వాక్యానికి సాహసించడు. పిల్లల అసమర్థతగా మనం చెబుతున్నది మన తరగతుల అలవాటు. దానిని మార్చే పని తెలుగు శాఖల నుంచే మొదలుకావాలి.