పాత జీపు, ఆగని మార్పులు: అనుమతి అడిగే దారేదీ?

ఇరవై ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజును కేంద్రం 2025 ఆగస్టులో 10,000 రూపాయలకు పెంచింది. 2022 ఏప్రిల్‌కు ముందు ఇదే పనికి 600 రూపాయలు సరిపోయేవి. ఆ నెల నుంచి 5,000 అయింది. ఇప్పుడు దానికి రెట్టింపు. పాత బండిని వదిలించుకోండి అని చెప్పడమే ఈ పెంపు ఉద్దేశం.

ఒక వర్గం మీద మాత్రం ఈ మంత్రం పనిచేయదు. పాత మహీంద్రా జీపునో, మారుతి జిప్సీనో ప్రాణంగా చూసుకునేవాళ్లు టైర్ల మీద, సస్పెన్షన్ మీద, ఇంజను మీద అంతకు ఎన్నో రెట్లు ఖర్చు పెడతారు. వాళ్లకు పదివేలు అడ్డంకి కాదు. చిక్కంతా వేరేచోట ఉంది. ఆర్సీలో రాసి ఉన్న బండికీ, రెన్యువల్ కోసం ఆఫీసు ముందు నిలబెట్టిన బండికీ పోలిక ఎంత మిగిలింది? ఈ ప్రశ్నకు మన చట్టం దగ్గర ఉన్న జవాబు చాలా చిన్నది: మార్చకూడదు. వాస్తవం మాత్రం ఆ ఒక్క మాటలో ఇమడటం లేదు.

కొండలు లేని ఊళ్లో కొండలెక్కే బండి

పుదుచ్చేరి పట్టణాన్ని తీసుకుంటే ఈ వైరుధ్యం తేటగా కనిపిస్తుంది. ఊరంతా చదును. ఫ్రెంచివారు గీత గీసినట్టు వేసిన వీధులు. సముద్రం ఒడ్డున ఉన్న గూబెర్ అవెన్యూలోకి సాయంత్రం నుంచి తెల్లవారేదాకా వాహనాలనే రానివ్వరు. చెన్నై వైపు దాదాపు 150 కిలోమీటర్ల తూర్పు తీర రహదారి నున్నగా ఉంటుంది. చెప్పుకోదగ్గ కొండ చూడాలంటే జింజీ కోట దాకా వెళ్లాలి. మరి నాలుగు చక్రాలకూ శక్తి అందే బండికి ఇక్కడ పనేమిటి?

పని లేకపోవచ్చు గానీ, దాన్ని ముట్టుకోకుండా ఉంచడం కుదరదు. కారణం ఉప్పుగాలి. తీరప్రాంతంలో పాత జీపు అడుగు రేకు, ఛాసిస్ మడతలు, బాడీ బిగించిన బోల్టులు ఏడాదికేడాది తుప్పు పడుతూనే ఉంటాయి. టింకరింగ్ షెడ్డుకు వెళ్లక తప్పదు. రేకు ఎలాగూ కోస్తున్నాం కదా, పనిలో పనిగా చక్రాల పైన ఉండే రెక్కలు కాస్త వెడల్పు చేద్దాం. రెక్కలు వెడల్పయ్యాయి కదా, పెద్ద టైర్లు వేద్దాం. మరమ్మతుకు వెళ్లిన బండి మార్పుతో తిరిగొస్తుంది. ఎక్కడ మరమ్మతు ఆగింది, ఎక్కడ మార్పు మొదలైంది అనేది బండి యజమాని కూడా చెప్పలేడు.

ఒక మార్పు పది మార్పులను పిలుస్తుంది

ఈ కోరిక ఎందుకు ఆగదు? వ్యసనం అని కొట్టిపారేయడం తేలిక. కానీ దీని వెనక యంత్రశాస్త్రం ఉంది.

27 అంగుళాల వ్యాసం ఉన్న టైరు తీసి 31 అంగుళాల టైరు వేశారనుకుందాం. చక్రం ఒక చుట్టు తిరిగితే బండి వెళ్లే దూరం దాదాపు 15 శాతం పెరుగుతుంది. స్పీడోమీటర్ 60 చూపిస్తున్నప్పుడు బండి నిజంగా 69 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. గేర్లన్నీ బరువెక్కినట్టవుతాయి, ఇంజను ఈడ్చలేకపోతుంది. బరువైన చక్రాన్ని ఆపడానికి పాత డ్రమ్ బ్రేకులు చాలవు. స్టీరింగు తిప్పితే భుజాలు నొప్పెడతాయి కాబట్టి పవర్ స్టీరింగు కావాలి. పెద్ద టైరు ఒంపులో బాడీకి రాసుకోకుండా కమాను పట్టీలు మార్చి బండిని పైకి లేపాలి. లేపితే ప్రొపెల్లర్ షాఫ్ట్ వాలు పెరిగి దాని క్రాసులు త్వరగా అరుగుతాయి. గురుత్వ కేంద్రం పైకి జరిగి మలుపులో బోల్తా పడే ప్రమాదం పెరుగుతుంది. ఇక ఇంజను మారిస్తే రేడియేటర్, క్లచ్, గేర్ బాక్సు అన్నీ వరసలో నిలబడతాయి.

కంపెనీ ఒక బండిని తయారుచేసినప్పుడు ఈ భాగాలన్నిటి మధ్య ఒక ఒప్పందం కుదురుస్తుంది. అందులో ఒక్క అంకెను మార్చినా మిగతావన్నీ మళ్లీ కుదుర్చుకోవాలి. షెడ్డులో ఆ పని ఒకేసారి జరగదు, డబ్బు చేతికొచ్చినప్పుడల్లా ఒక్కొక్కటిగా జరుగుతుంది. కాబట్టి బండి ఏళ్ల తరబడి సగం కుదిరిన స్థితిలోనే రోడ్డు మీద తిరుగుతుంది. అపాయం ఉన్నది మార్పులో కన్నా ఈ సగం దశలో.

ఫ్రెంచి రచయిత డెనిస్ డిదరో 18వ శతాబ్దంలోనే ఈ గొలుసును పట్టుకున్నాడు. కానుకగా వచ్చిన కొత్త అంగీ పక్కన ఇంట్లో పాత సామానంతా వెలవెలబోయిందని, ఒక్కొక్కటే మార్చుకుంటూ పోయానని 1769 నాటి వ్యాసంలో వాపోయాడు. వినియోగ ధోరణులను పరిశీలించే పండితులు దీన్ని డిదరో ప్రభావం అంటారు. జీపు విషయంలో తేడా ఒక్కటే. అంగీ పక్కన పాత కుర్చీ ఉంటే కంటికి నప్పదు, అంతే. పెద్ద టైరు పక్కన పాత బ్రేకు ఉంటే ప్రాణాలు పోతాయి.

మార్చడం మనకు కొత్త కాదు

ఈ బండ్ల చరిత్రే మార్పుల చరిత్ర. రెండో ప్రపంచయుద్ధం కోసం పుట్టిన విల్లీస్ జీపును మహీంద్రా సంస్థ స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లోనే ఇక్కడ బిగించడం మొదలుపెట్టింది. తర్వాత డీజిల్ అవసరం పెరగడంతో 1979లో ఫ్రాన్స్‌కు చెందిన పెజో నుంచి ఇంజను లైసెన్సు తెచ్చుకుంది. అంటే అమెరికా బండిలో ఫ్రెంచి ఇంజను పెట్టే పని ముందు కంపెనీయే చేసింది. పెట్రోలు జీపున్న సామాన్యుడు తన ఊరి షెడ్డులో డీజిల్ ఇంజను ఎక్కించుకోవడం దాని కొనసాగింపే.

తెలుగు పల్లెల్లో, మన్యంలో బస్సు వెళ్లని ఊళ్లకు దశాబ్దాలపాటు దిక్కైనవి సర్వీసు జీపులే. వాటికి వెనక బాడీ సాగదీయడం, అదనపు సీట్లు వేయడం, పక్కన నిలబడేందుకు మెట్లు బిగించడం అందరి కళ్లెదుటే జరిగింది. అప్పుడు అది బతుకుతెరువు. 1985లో వచ్చిన జిప్సీ తయారీ 2019 నాటికి ఆగిపోయింది. 2010లో థార్, 2020లో దాని రెండో తరం వచ్చాక పాత జీపు పనిముట్టు హోదా నుంచి ముచ్చట వస్తువు హోదాకు మారింది. బండి అదే, షెడ్డూ అదే, మార్చే కారణమే మారింది.

2000లో మూసుకున్న తలుపు

చట్టం ఎక్కడ నిలబడిందో చూద్దాం. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ మొదట్లో మార్పును పూర్తిగా నిషేధించలేదు. ఆర్సీలోని వివరాలు మారే పని చేస్తుంటే ముందుగా తెలియజేసి, రిజిస్టరింగ్ అధికారి ఆమోదం తీసుకోమంది. 2000లో చేసిన సవరణ ఆ తలుపు మూసింది. తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండి ఉండకూడదని తేల్చింది. గ్యాసు, బ్యాటరీ వంటి వేరే ఇంధనాలకు మార్చే కిట్లకు మాత్రం షరతులతో మినహాయింపు ఇచ్చింది.

2019 జనవరిలో సుప్రీంకోర్టు జస్టిస్ అరుణ్ మిశ్రా, జస్టిస్ వినీత్ శరణ్‌ల ధర్మాసనం దీన్నే ఖరారు చేసింది. కేరళ హైకోర్టు ఇచ్చిన సడలింపును పక్కనపెట్టింది. రంగు మార్చడం, చిన్నచిన్న అమరికలు ఫర్వాలేదు గానీ నిర్మాణాన్ని మార్చకూడదంది. అదే ఏడాది వచ్చిన సవరణ చట్టంలోని 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతిలేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పది మార్పులున్న జీపుకు లెక్క మీరే వేసుకోవచ్చు.

ఈ కఠినత్వం కారణం లేకుండా రాలేదు. 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న స్లీపర్ బస్సు కాలిపోయి 19 మంది ప్రయాణికులు చనిపోయారు. ముందు రోడ్డు మీద పడి ఉన్న బైకును బస్సు ఈడ్చుకుపోవడంతో మంటలు లేచాయి. ఆ తర్వాత బయటికొచ్చిన ప్రశ్నల్లో ముఖ్యమైనది బస్సు పుట్టుక గురించే. ఎక్కడ రిజిస్టరైంది, ఏ రాష్ట్రానికి మారింది, సీట్ల బస్సు పడకల బస్సుగా ఎలా మారింది? కాగితం మీద ఒక బండి, రోడ్డు మీద మరో బండి ఉంటే ఏమవుతుందో తెలుగువారికి కొత్తగా చెప్పక్కర్లేదు.

అయితే ఇక్కడే ఒక తేడా గమనించాలి. డబ్బు తీసుకుని ఎక్కించుకునే బస్సుకూ, సొంత జీపుకూ ప్రమాద స్థాయి ఒకటి కాదు. కానీ రెండింటిలోనూ జబ్బు ఒకటే. మార్పును చూసి, కొలిచి, సరే అనో కాదు అనో చెప్పే మనిషి మధ్యలో లేడు.

పీవై బోర్డు నీడలో

పుదుచ్చేరి బండి అనగానే మనకు ముందు గుర్తొచ్చేది పన్ను. దక్షిణాది రాష్ట్రాలతో పోలిస్తే అక్కడ రోడ్డు పన్ను తక్కువ. అందుకే ఈ కేంద్రపాలిత ప్రాంతం విస్తీర్ణానికి మించి పీవై నంబర్లు చుట్టుపక్కల రాష్ట్రాల్లో తిరుగుతుంటాయి. 2017లో కేరళ సినీ ప్రముఖుల ఖరీదైన కార్లు పుదుచ్చేరి చిరునామాలతో రిజిస్టరైన వ్యవహారం కేసుల దాకా వెళ్లింది. ఏ బండైనా వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంటే అక్కడ కొత్త నంబరు తీసుకోవాలని 47వ సెక్షన్ చెబుతోంది. పుదుచ్చేరి పరిపాలనలోనే ఉన్న మన యానాంలో రిజిస్టరై కాకినాడలో తిరిగే బండికీ ఇదే సూత్రం.

2025 సెప్టెంబర్‌లో కేరళలో కస్టమ్స్ అధికారులు 'నుమ్‌ఖోర్' పేరుతో దాడులు చేసి ముప్పైకి పైగా వాహనాలు స్వాధీనం చేసుకున్నారు. భూటాన్ నుంచి దొంగదారిన వచ్చి, ఇక్కడ కొత్త కాగితాలు పుట్టించుకున్నాయన్నది ఆరోపణ. వాటిలో పాత ల్యాండ్ క్రూజర్ల వంటి కొండదారి బండ్లున్నాయి. పాత బండి మీద మోజు ఎక్కువై, దానికి సక్రమమైన దారి మూసుకుపోతే అంతరాష్ట్ర, అంతర్జాతీయ దొడ్డిదారులు ఎలా తెరుచుకుంటాయో ఇది చూపిస్తుంది.

ఇంటికి ఉన్న దారి బండికి లేదు

మళ్లీ పుదుచ్చేరికే వద్దాం. పాతదాన్ని ఎంత మార్చవచ్చు అనే ప్రశ్నను ఆ ఊరు ఇళ్ల విషయంలో ఎప్పుడో ఎదుర్కొంది. ఫ్రెంచి వీధుల్లో, తమిళ వీధుల్లో పాత భవనాల ముఖభాగాన్ని కాపాడి, లోపల నేటి అవసరాలకు తగ్గట్టు మార్చుకునే పద్ధతిని ఇన్‌టాక్ వంటి సంస్థలు అక్కడ నిలబెట్టాయి. బీచ్ రోడ్డులోని పాత పురపాలక భవనం మేరీ 2014 నవంబరు వానలకు కూలిపోయింది. దాన్ని పాత రూపంలోనే కొత్తగా కట్టి 2021లో ప్రారంభించారు. ఇటుక కొత్తది, సున్నం కొత్తది. అయినా ఊరు దాన్ని మేరీ అనే పిలుస్తోంది. ఏది మిగలాలి, ఏది మారవచ్చు అనేది ముందే మాట్లాడుకోవడం వల్ల అది సాధ్యమైంది.

బండి విషయంలో ఆ సంభాషణే లేదు. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండికి వీఏ అక్షరాలతో ప్రత్యేక నంబరు, 20,000 రూపాయల ఫీజు, పదేళ్ల గడువు. ప్రదర్శనలకు, ర్యాలీలకు తప్ప రోజువారీ వాడకానికి వీల్లేదు. ఇది మంచిదే. కానీ పాతికేళ్ల జిప్సీ, ముప్పై ఏళ్ల జీపు సంగతేమిటి? వింటేజ్ కావడానికి ఇంకా ఇరవై పాతికేళ్లు ఆగాలి. అప్పటిదాకా అసలు భాగాలతో నడపాలంటే, తయారీయే ఆగిపోయిన బండికి ఆ భాగాలు దొరకడం ఏటేటా కష్టమవుతోంది. దొరకని బ్రేకుకు బదులు మెరుగైన బ్రేకు వేసుకున్నవాడూ, ముందు వచ్చేవాడి ఎముకలు విరిచే ఇనుప బంపరు బిగించినవాడూ చట్టం ముందు ఒక్కటే.

కొలిచి చెప్పే పద్ధతి కావాలి

బయటి దేశాలు ఈ రెంటినీ వేరుచేశాయి. జర్మనీలో మార్పు చేసిన బండిని టూఫ్ వంటి అధీకృత సంస్థల ఇంజినీరు పరీక్షించి, సరిపోతే కాగితాల్లో ఎక్కిస్తారు. బ్రిటన్‌లో మార్కుల పద్ధతి పాటించారు. అసలు ఛాసిస్ మిగిలితే 5, సస్పెన్షన్, ఇరుసులు, గేర్ బాక్సు, స్టీరింగు ఒక్కొక్కదానికి 2, ఇంజనుకు 1. ఎనిమిది మార్కులు నిలిస్తే పాత నంబరు నిలిచేది, లేకపోతే కొత్తగా పరీక్షకు రావాల్సి వచ్చేది. బండి గుర్తింపు ఇంజనులో కన్నా ఛాసిస్‌లో ఎక్కువ ఉందనే స్పష్టత ఆ మార్కుల్లోనే ఉంది.

మనకు కావలసింది నిషేధాన్ని ఎత్తేయడం కాదు. మూడు గీతలు గీయడం. బంపర్లు, కళ్లు చెదిరే లైట్లు, చెవులు పగిలే సైలెన్సర్లు, నరికి అతికిన ఛాసిస్ వంటివి ఎదుటివారికి హాని చేస్తాయి. వాటిని ఇప్పటిలాగే నిషేధించాలి. మెరుగైన బ్రేకులు, సీటు బెల్టులు, పవర్ స్టీరింగు వంటి భద్రత పెంచే మార్పులను ఒక ప్రమాణం ప్రకారం నమోదు చేసుకునే వీలుండాలి. టైరు సైజు, బండి ఎత్తు, ఇంజను వంటివి ఇంజినీరు పరీక్షకు వెళ్లాలి. పదివేల రెన్యువల్ ఫీజు తీసుకుంటున్న వ్యవస్థ ఆ డబ్బుతో ఇచ్చే సేవ ఏమిటని యజమాని అడగడంలో తప్పులేదు.

దాచుకునే అవసరం ఉన్నంతకాలం మంచి మెకానిక్, చెడ్డ మెకానిక్ ఒకే చీకట్లో పనిచేస్తారు. ప్రమాదం జరిగాక బీమా కంపెనీ చెప్పని మార్పును వేలెత్తి చూపుతుంది, మెకానిక్ చేతులెత్తేస్తాడు, దెబ్బతిన్నవాడు మిగులుతాడు. బండిని మార్చాలనే కోరికను ఏ సెక్షనూ ఆపలేకపోయింది. కనీసం ఆ మార్పు సగంలో ఉన్న బండి రోడ్డెక్కకుండా చూడటం మాత్రం ప్రభుత్వం చేతిలో ఉంది. అందుకు ముందు అడిగే దారి ఒకటి తెరవాలి.